అడ్రసు మీద పేరు

నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఒక ఇంటావిడ వంటగదిలో కాఫీతో పాటు ఒకే ఒక్క బిస్కట్టు ఇచ్చి డబ్బా మూత బిగించింది. పై అంతస్తులో అద్దెకుంటున్న పోర్చుగల్ వెల్డరు బిస్కట్టు వంక చూశాడు కానీ ముట్టుకోలేదు. బల్ల కింద ఆవిడ కుక్క పడుకుని ఉంది.

"నీకెన్నిసార్లు చెప్పాలి? గదిలో పడుకో, వద్దన్నానా? ఈ అడ్రసు మీద నీ పేరు మాత్రం ఎక్కడానికి వీల్లేదు."

"పేరు ఎక్కకపోతే మున్సిపాలిటీవాళ్లు పౌరుడి నంబరు ఇవ్వరు మేడమ్. నంబరు లేనిదే వెల్డింగు షెడ్డులో పనిలోకి రానివ్వరు."

"నీ పని గొడవ నాకెందుకోయ్? నీ పేరు ఎక్కిందంటే ఒంటరి ఆడమనిషినని నాకిచ్చే భత్యం కాస్తా ఊడుతుంది."

"పైన ముగ్గురం ఉంటున్నాం. మీరు ఒంటరెలా అవుతారు?"

"మీరూ ఒక లెక్కేనా? ఎక్కణ్ణించో ఊడిపడ్డ సంత!"

"మీ కుక్క పేరు మాత్రం మున్సిపాలిటీలో ఉందిగా?"

"ఉండదూ? అది ఇక్కడే పుట్టింది. పైగా రాయించకపోతే జరిమానా వేస్తారు."

"అంటే మేం కుక్కపాటి కూడా చెయ్యమన్నమాట."

"ఇప్పటికి తెలిసిందా? కాఫీ తాగి పైకి పో."

"పోతాను. పొద్దున్నే మున్సిపాలిటీకి వెళ్లొచ్చాను మేడమ్. మీ అనుమతి అక్కర్లేదట. మీరు సంతకం పెట్టిన అద్దె కాగితం చాలన్నారు."

"ఏంటీ? ఎక్కించేశావా?"

"ఎక్కించాను. ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారని అడిగారు."

"ఏం చెప్పి చచ్చావు?"

అతను బిస్కట్టు తీసి బల్ల కింద కుక్కకు పెట్టాడు.

"ఉన్నదే చెప్పాను. పైన మేం ముగ్గురం, కింద ఇంటావిడ, ఒక కుక్క. ఒంటరి ఆడమనిషి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ లేరన్నాను."