టైము చెప్పని డాక్టరు

మా టీ కొట్టు ముందు రోడ్డు దాటితే ఆసుపత్రి ఎమర్జెన్సీ గుమ్మం. ఆ గుమ్మంలోంచి ఆయన ఎప్పుడు బయటికొచ్చినా లోపల ఎవరితోనో "రెండు నిమిషాలు" అని చెప్పే వస్తాడు. అందుకే మా దగ్గర ఆయన పేరు రెండు నిమిషాల డాక్టరు. కోతలు కోయడంలో ఎవరైనా ఆయన తర్వాతే. ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటాక వచ్చాడు, కోటు జేబులోంచి రబ్బరు గ్లౌజు వేళ్ళు బయటికి వేలాడుతున్నాయి.

"లోపల మూడో మంచం కేసు కొంచెం కష్టంగా ఉంది బాబాయ్, మా జూనియర్ పిల్లలు చూసుకుంటున్నార్లే. స్ట్రాంగుగా ఒకటి పెట్టు," అని ఎమర్జెన్సీ గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

బెంచీ మీద అప్పటికే ఇద్దరున్నారు. అంబులెన్సు డ్రైవరు, పక్క మందుల షాపాయన. కాసేపటికి రోడ్డు దాటి ఒక పెద్దాయన వచ్చి డాక్టరు పక్కన కూర్చున్నాడు. ఆ పెద్దాయన్ని నేనెప్పుడూ చూళ్ళేదు. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో ఆడవాళ్ళ చెప్పుల జత. నేనిచ్చిన టీ తాగకుండా అలాగే పట్టుకుని ఉన్నాడు.

"మీ గదిలో గోడ కనపడకుండా సర్టిఫికెట్లేనంట కదా సార్," అని డ్రైవరు డాక్టర్ని కదిలించాడు. కదిలించక్కర్లేదు, అయినా కదిలించాడు.

"గోడ మీదవి చూసి మురిసిపోతే ఎలాగయ్యా. ఎం.బి.బి.ఎస్. అందరికీ ఉంటుంది. నేను ఆ పైన ఎమర్జెన్సీలోనే ఎం.డి. చేశాను, మా రోజుల్లో ఆ సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఆగిన గుండెని ఎలా నొక్కాలో నేర్పే ట్రైనింగొకటుంటుంది, రెండేళ్ళకోసారి మళ్ళీ పాసవ్వాలి, నేను వెళ్తే నేర్పేవాడే లేచి నాకు కుర్చీ ఇస్తాడు. అది సరే. నా అసలు సర్టిఫికెట్ గోడ మీద లేదు. లోపల పోయినవాళ్ళ రిజిస్టరుంది చూశారా, పేరు, పోయిన టైము, టైము చెప్పిన డాక్టరు సంతకం, ఇరవై రెండేళ్ళవీ తిరగెయ్యండి, నా సంతకం ఒక్కటంటే ఒక్కటి కనపడితే ఈ కోటు విప్పి బాబాయికిచ్చేస్తా, గ్లాసులు తుడుచుకుంటాడు."

"ఒక్కరూ పోలేదా?" అన్నాడు డ్రైవరు.

"మనిషి ఎప్పుడు పోతాడనుకున్నావ్? గుండె ఆగినప్పుడు కాదు నాయనా. డాక్టరు గడియారం వంక చూసి, ఇన్ని గంటల ఇన్ని నిమిషాలు అని పైకి చెప్పినప్పుడు. అప్పటిదాకా నొక్కేవాళ్ళు నొక్కుతూనే ఉండాలి, కాగితం మీద అతను బతికున్నవాడే. నా షిఫ్టులో ఆ టైము నేను తప్ప ఇంకెవరూ చెప్పకూడదు, అది నా రూలు. నేనా, చెప్పను."

"మరి షిఫ్టు మారాకో?" అన్నాడు మందుల షాపాయన.

"మారాక ఎవరేం రాస్తారో నాకనవసరం. వినండి ముందు. మొదటిసారి ఒక పెయింటరు. మూడంతస్తుల మీంచి పడ్డాడు, నాడి లేదు, మా చిన్న డాక్టరు తలెత్తి గడియారం చూశాడు, వాడు నోరు తెరిచేలోపు నా అరచెయ్యి వాడి నోటి మీద పెట్టేశాను. నొక్కరా అన్నాను. పదకొండు నిమిషాలు. పదకొండో నిమిషంలో పెయింటరు దగ్గి, నిచ్చెన ఎవరు తీశారని అడిగాడు."

ఇంతవరకూ జరిగే ఉంటుందని నాకూ అనిపించింది. అందరం తలలూపాం.

"తర్వాత ఒక లెక్కల టీచరమ్మ. గంటయింది, రెండు గంటలయింది, నాడి లేదు. అందరూ నా వంకే చూస్తున్నారు. నేనేం చేశానో చెప్పుకోండి? స్టూలెక్కి గోడ గడియారంలో బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నా. గడియారమే ఆగిపోతే ఇంక ఏ టైమని చెప్తార్రా? గదిలో చప్పుడు లేదు, మిషను గీత తిన్నగా పోతోంది. ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి, కేస్ షీటు లాక్కుని, నర్సు వేసిన మందుల కూడిక తప్పని కొట్టేసింది. ఎర్ర పెన్ను అడిగింది కూడానూ."

"చేతికి అందించారా?" అన్నాడు డ్రైవరు పళ్ళికిలించి.

"నువ్వు నవ్వు. టైలరు సంగతి వింటే నవ్వవు. నేను సెలవు మీద ఉన్నప్పుడు ఆయన్ని మార్చురీకి పంపేశారు. మూడు రోజులు. తిరిగొచ్చి చూస్తే, ఆయన ఆసుపత్రికొచ్చింది నా షిఫ్టులో, టైము నేను చెప్పలేదు, అంటే ఎలా పోతాడు? తాళం తీయించి సొరుగు లాగాను. లోపల బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడయ్యా. ఆ సొరుగు ఎత్తు జానెడు. అందులో ఎలా కూర్చున్నాడని అడక్కు. నా కోటు భుజం దగ్గర పట్టి చూసి, ఇక్కడ కుట్టు విడిపోయింది సార్ అన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. నేనింక ఉండాలా, వెళ్ళొచ్చా సార్ అని."

"మీరేమన్నారు?" అడిగింది ఆ పెద్దాయన. అదే ఆయన మొదటి మాట.

"ఉండమన్నాను. అందరికీ అదే చెప్తాను." డాక్టరు టీ ఊదుకున్నాడు, తాగలేదు. "ఆ తర్వాత ఏమవుతుందో మీకెవరికీ తెలీదు. ఎక్స్‌రే గది వెనక పొడుగు వరండా ఉంది కదా, పాత బెంచీలు వేసి. అక్కడున్నారు. టీచరమ్మ, టైలరు, బస్సు కండక్టరు, కవల పిల్లల తల్లి, నలభై ఒక్క మంది. టైము చెప్పలేదు కాబట్టి వెళ్ళలేదు. మంచం ఖాళీ చేశారు కాబట్టి మంచం మీదా లేరు. చేతుల్లో ఓపీ చీటీలు పట్టుకుని కూర్చుంటారు. నేను అటు వెళ్తే నలభై ఒక్క మందీ లేచి నుంచుంటారు. ఏ డాక్టరుకుందయ్యా అంత మర్యాద? మొన్న మా రిజిస్ట్రేషన్లు తనిఖీ చెయ్యడానికి మెడికల్ కౌన్సిల్ నుంచి ఒకాయన వచ్చాడు. మీ నంబరెంత డాక్టర్ అన్నాడు. నేను నోరు తెరవలేదు. వరండాలోంచి నా నంబరు వినపడింది, ఒక్కో అంకే, అందరూ ఒక్క గొంతుతో. ఆయన ఫైలు అక్కడే వదిలేసి పోయాడు."

డ్రైవరు నవ్వడం ఆపేశాడు. "ఆ వరండాలోంచే సార్ నేను స్ట్రెచరు తోసుకొస్తా. ఒక్కర్నీ చూళ్ళేదే."

"నీ స్ట్రెచరు చక్రం ఆ మలుపులో ఎందుకు బరువెక్కుతుందో ఎప్పుడైనా ఆలోచించావా?"

డ్రైవరు చక్రం సంగతి నాతో రెండు మూడు సార్లు అన్నాడు, నూనె పోసినా కదలదని.

"వాళ్ళు ఏమీ అడగరు. నా మణికట్టు వంక మాత్రం చూస్తారు," అన్నాడు డాక్టరు. ఇప్పుడు గొంతులో ఆ దర్పం లేదు, అయినా ఆపలేకపోతున్నాడు. "అందుకే వాచీ మానేశాను." చెయ్యి చూపించాడు. వాచీ ఉండాల్సిన చోట చర్మం తెల్లగా పట్టీలా ఉంది.

"వాళ్ళకి నొప్పి ఉంటుందా డాక్టరు గారూ?" అన్నాడు పెద్దాయన.

"అది..." డాక్టరు గ్లాసు కింద పెట్టాడు. "అది నన్నెవరూ అడగలేదు."

"నేనడుగుతున్నానండి. మూడో మంచం మా ఆవిడది."

పెద్దాయన కోపంగా లేడు. అరిచి ఉంటే బాగుండేది.

"వంటింట్లో నుంచున్నది నుంచున్నట్టే పడిపోయింది. తెచ్చేటప్పుడు కాళ్ళకి చెప్పులుంటే నర్సమ్మ తీసి నాకిచ్చింది. మీరున్నంతసేపూ చూశాను, బాగానే పాటుపడ్డారు, నేను కాదనను. తర్వాత మీరు చిన్న డాక్టరమ్మ చెవిలో రెండు నిమిషాలని చెప్పి వచ్చేశారు. ఆ పిల్ల, ఒక నర్సమ్మ, మార్చి మార్చి నొక్కుతూనే ఉన్నారు. లోపల ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆపమ్మా అన్నాను. సార్ వచ్చి టైము చెప్తేగానీ ఆపకూడదు, అది సార్ రూలంది. సారేరమ్మా అన్నాను. టీకి వెళ్ళారు, ఎప్పుడూ ఈ వేళకే టీకి వెళ్తారు, షిఫ్టు మారేది ఎనిమిదింటికి అంది. ఏడుస్తూనే నొక్కుతోంది."

డాక్టరు ఏదో అనబోయాడు.

"ఇందాకటి నుంచి మీ పక్కనే ఉన్నాను. మీ కథ ఎక్కడైనా ఆగుతుందేమోనని చూస్తున్నాను. ఆ రిజిస్టర్లో మీ సంతకం ఎందుకు లేదో నాకు తెలిసింది, ఆ నలభై ఒక్కసార్లూ మీరు ఈ బెంచీ మీదే ఉన్నారు. మా ఆవిణ్ణి ఆ వరండాలో కూర్చోబెట్టకండి బాబూ. ఆవిడకి ఎవరికోసమైనా ఎదురుచూడాలంటే మహా విసుగు."

డాక్టరు అలవాటుగా మణికట్టు వంక చూసుకున్నాడు, అక్కడ తెల్లటి పట్టీ తప్ప ఏమీ లేదు. నాకు ఆయన మీద జాలి, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్ళూ నవ్వుతూ టీలు పోసినందుకు నా మీద నాకూ వచ్చింది.

పెద్దాయన తన వాచీ విప్పి ఆయన చేతిలో పెట్టాడు. "సరైన టైమే చూపిస్తుందండి. పొద్దున ఆవిడే కీ ఇచ్చింది."

ఇద్దరూ రోడ్డు దాటారు, ముందు డాక్టరు, వెనక చెప్పుల కవరు పట్టుకుని ఆయన. కొంచెంసేపటికి చిన్న డాక్టరమ్మ బయటికొచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటివంకే చూసుకుంటోంది.

ఆమె పక్కనున్న స్ప్రింగు తలుపు, తోసి వదిలితే టపీమని మూసుకునేది, తెరుచుకుంది. ఎవరూ రాలేదు. అది అలాగే తెరిచి ఉంది, వెనకవాళ్ళ కోసం ఒకరి తర్వాత ఒకరు పట్టుకున్నట్టు, నలభై మంది దాటేంతసేపు. మందుల షాపాయన నా వంక చూశాడు, నేను స్టవ్ వంక చూశాను.

డ్రైవరు రోడ్డు వైపు చాపుకున్న కాళ్ళు ముడుచుకుని దారిచ్చాడు.