స్క్రూ విప్పకుండా చెప్పినవాడు

“అవతల పెట్టవయ్యా ఆ స్క్రూడ్రైవరు! విప్పి చూస్తే ఎవడైనా చెప్తాడు. విప్పకుండా చెప్పేవాడే మేస్త్రి,” అన్నాడు వీణలూ గిటార్లూ బాగుచేసే తీగల మేస్త్రి, చెల్లెలి టీ కొట్టు ముందు బెంచీ మీద ముగ్గురి చోటు తానొక్కడే ఆక్రమించి.

స్క్రూడ్రైవరు నాది. టీ కొట్టు పక్కనే నా సైకిల్ షాపు. అడిగి నాచేత తెప్పించింది మేస్త్రి మేనకోడలు, టీ కొట్టావిడ కూతురు. ఆ పిల్ల నిన్న పాత సామాన్ల దుకాణంలో నల్లటి జపాన్ ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కొనుక్కుంది. దాని వయసు యాభై ఏళ్ల పైమాటే. రేపు ఆర్కెస్ట్రా వాళ్ల ముందు దాన్నే వాయించి చూపించాలి. తెచ్చినప్పటి నుంచి ఒళ్లోంచి దించలేదు. ఒక్క తీగ మాత్రం పై మెట్లకి వెళ్లేకొద్దీ జీరగా పలుకుతోంది. వద్దనుకుంటే ఇవాళ దుకాణం మూసేలోపు వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. “మా అన్నయ్య సరే అంటేనే ఉంచుకో, లేదంటే వెనక్కే,” అని వాళ్లమ్మ తేల్చి చెప్పేసింది. పిల్ల గుబులంతా అదే. మావయ్య నోట కోతలు వస్తాయి గానీ ‘సరే’ అనే మాట వచ్చిన దాఖలా లేదు.

“మావయ్యా, ఉంచుకోవచ్చా లేదా? ఒక్క మాట చెప్పు చాలు.”

“ఒక్క మాటేంటే అమ్మడూ, దీని ఏడు తరాలు చెప్తా. పాత జపాన్ గిటారంటే ఏమనుకున్నావ్? సగానికి సగం అతుకుల బొంతలే. మెడ ఒకదానిది, ఒళ్లు ఇంకోదానిది, బిరడాలు మరోదానిది. ఎవరిది ఎవరికి తగిలించారో కనిపెట్టడానికి కళ్లు చాలవు. పదేళ్ల కిందట ఒక పళ్ల డాక్టరు నా దగ్గరికి ఇలాంటిదే పట్టుకొచ్చి, ఒక్క ముక్క కూడా మారలేదు మేస్త్రీ, ఫ్యాక్టరీలోంచి వచ్చింది వచ్చినట్టే ఉంది అన్నాడు. నేనప్పుడు టీ తాగుతున్నా. గ్లాసు కింద పెట్టకుండానే చెప్పా, డాక్టరు గారూ, కింది నాబు దీనిది కాదండీ అని. చూస్తే ఏముంది, పైది తెలుపు, కిందది పసుపు!”

“అది నాకూ కనిపిస్తుందిగా,” అన్నాడు ఎదురు సెలూనాయన.

“అందుకే నువ్వు జుట్టు దగ్గరే ఆగిపోయావు. విను ముందు. తర్వాత మెడ వాసన చూశా. మెడ మంచుకొండల్లో తయారైంది, ఒళ్లు సముద్రం ఒడ్డున. ఎలా తెలిసిందంటావా, ఒళ్లు ఉప్పగా ఉంది.”

“నాకి చూశావా అన్నయ్యా?” అంది చెల్లెలు టీ వడపోస్తూ.

“నాకడం దేనికే, నా నాలుక్కి గాలి తగిలితే చాలు. సరే, అది పక్కన పెట్టు. తీగల కింద చిన్న డబ్బాల్లాంటివి ఉంటాయి చూడండి, పికప్పులంటారు, వాటి లోపల వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. చెంచాతో ఒక్కసారి టంగుమనిపించి చెవి పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటిది ఎడమచేతి వాటం మనిషి చుట్టాడని తెలిసిపోయింది. రెండోది చుట్టినావిడ నాలుగు వేల మూడు వందల పన్నెండో చుట్టు దగ్గర తుమ్మింది.”

“ఒక తుమ్మా, రెండు తుమ్ములా?” అన్నాను నేను.

“ఒకటే. రెండోది ఆపుకుంది, పాపం, పక్కన సూపర్‌వైజరున్నాడు. డాక్టరు నమ్మలేదు. అక్కడికక్కడే జపాన్‌కి ఫోన్ కలిపాడు. ఆ ముసలావిడ రిటైరైపోయి కూరగాయల తోట పెట్టుకుందట, పిలిపించారు. నేను ఫోన్లో ఆ తుమ్ము తుమ్మి వినిపించా. అటునుంచి ఒకటే ఏడుపు! బాబూ, అది నా తుమ్మే, కన్నబిడ్డలు కూడా నన్నింత బాగా గుర్తుపట్టలేదు అని.”

“జపాన్ భాష నీకెలా వచ్చు మేస్త్రీ?” అన్నాడు సెలూనాయన.

“తుమ్ముకి భాషేంటయ్యా!”

టీ తాగుతున్న వాళ్లలో ఒకాయనకి పొలమారింది. మేస్త్రికి కావలసింది అదే. తువ్వాలు భుజం మార్చుకున్నాడు. మేనకోడలు గోడ గడియారం చూసి, “మావయ్యా, ఆరింటికి దుకాణం మూసేస్తారు,” అంది.

“మూసుకోనీ. జపాన్లో ఫ్యాక్టరీలకి ఫ్యాక్టరీలే మూసేశారు ఆ రోజు, నా మాట వినడానికి! నెల తిరక్కుండా ఓడేసుకుని వచ్చేశారు. పదకొండు వందల గిటార్లు. గోడౌన్లో వరదొచ్చి ముక్కలన్నీ కలగాపులగం అయిపోయాయి, ఏ మెడ ఏ ఒంటిదో మా ఇంజినీర్లకే అంతు చిక్కడం లేదు, మీరే దిక్కు అని కాళ్లా వేళ్లా పడ్డారు. నేను ఒకటే షరతు పెట్టా. ఒక్క స్క్రూ కూడా విప్పకూడదు. మైదానంలో అన్నీ వరసగా పేర్పించి, నడిమధ్యలో కుర్చీ వేయించుకుని, కళ్లకి గంతలు కట్టించుకున్నా. ఒక్కోదాన్ని ఒక్కో తీగ మీటమన్నా. ఏయ్, మూడో వరస, నీ మెడ అక్కడ చివర్న ఉంది చూసుకో. ఏయ్ ఎర్రదానా, పరాయి పికప్పు పెట్టుకుని ఏంటే ఆ మిడిసిపాటు? ఇలా కేకలేస్తుంటే ఆ తర్వాత ఏమైందో తెలుసా? సిగ్గుతో వాటి స్క్రూలు అవే ఊడిపోయాయి! మెడలు లేచి, ఎవరి ఒంటికి వాళ్లు నడుచుకుంటూ వెళ్లిపోయాయి!”

“మెడలకి కాళ్లెక్కడివి అన్నయ్యా?”

“కాళ్లుంటే నడవడం గొప్పా? చివరికి ఒక్క మెడ మిగిలిపోయింది. ఎక్కడా ఇమడదు. జపానోళ్లందరూ నా మొహం చూస్తున్నారు. నేను దాన్ని చేతిలోకి తీసుకుని, బాబూ, దీని ఒళ్లు ఇంకా తయారవ్వలేదు, ఆ చెట్టు ఇంకా నిలబడే ఉంది, ఫలానా కొండకి పడమటి వైపు పోండి అన్నా. పోయారు. కొట్టారు. కోసి చూస్తే, చెట్టు నడిమధ్యలో అచ్చం గిటారు ఆకారం! నాబులు పెట్టడానికి రెండు చిల్లులతో సహా!”

చప్పట్లు కొట్టిన వాళ్లు కొట్టారు, టీ గ్లాసులు తిరిగిచ్చిన వాళ్లు ఇచ్చారు. మేనకోడలికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. “మరి ఇది, మావయ్యా?”

అంతమంది చూస్తుంటే మేస్త్రి ఊరుకుంటాడా? గిటారుకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, గుమ్మం దగ్గర అప్పులవాణ్ణి చూసినట్టు మొహం పెట్టాడు.

“లాభం లేదు. మెడ దీనిది కానే కాదు. తగిలించినవాడు ఎవడో గానీ, వాడికి గిటారుకీ గడ్డపారకీ తేడా తెలీదు. మెడ కింద ఏదో చెత్త కుక్కాడు, అందుకే ఆ జీర. ఇలాంటి వెధవ పని చేసేవాడి చేతికి పనిముట్టు ఇవ్వకూడదు. నీ మంచి కోరి చెప్తున్నా, వెనక్కి ఇచ్చెయ్.”

వాళ్లమ్మ గిన్నె దించి, చేతులు తుడుచుకుంది. “విన్నావుగా. సంచీలో పెట్టు, నేనూ వస్తా,” అంది.

పిల్ల సంచీ తియ్యలేదు. “ఇది నా చేతికి అలవాటైపోయిందమ్మా. ఇంకేది పట్టుకున్నా రేపు నా వల్ల కాదు,” అంది. అనేసి నా వైపు చెయ్యి చాపింది. నేను స్క్రూడ్రైవరు ఇచ్చేశాను. మేస్త్రి కసురుకున్నాడు గానీ లేవలేదు, లేస్తే బెంచీ మీద చోటు పోతుంది. ఆ పిల్ల ముందు తీగలు వదులు చేసి, గిటారు బోర్లించి, వెనక నాలుగు స్క్రూలూ ఒక్కోటే తీసి టీ గ్లాసులో వేసింది. ఒక్కసారి కదిపితే మెడ ఊడి చేతిలోకి వచ్చింది.

మెడ కూర్చునే పల్లంలో, ఎత్తు సరిపోవడానికి పెట్టిన అట్టముక్క ఒకటి ఉంది. ఒక మూల నలిగి, మడత పడిపోయింది. జీరకి కారణం అదే. పిల్ల దాన్ని గోటితో లేపి, మడత సరిచేసి, చదివి, వాళ్లమ్మ చేతికిచ్చింది.

అది విజిటింగ్ కార్డు. వాళ్లమ్మ అందరికీ వినబడేలా చదివింది. “తీగ వాద్యాల ఆసుపత్రి. విప్పకుండానే రోగం చెప్పబడును.” కింద ఫోన్ నంబరు కూడా ఉంది, ఇప్పటికీ మేస్త్రిది అదే నంబరు.

మేస్త్రి తువ్వాలు మళ్లీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

“అప్పుడిది ఎర్రగా ఉండేది,” అన్నాడు మేస్త్రి చివరికి. “నల్ల రంగు పూస్తే ఎవడు మాత్రం గుర్తుపడతాడు?”

“తుమ్ము గుర్తుపట్టినవాడివి, నీ చెయ్యి గుర్తుపట్టలేకపోయావా మేస్త్రీ?” అన్నాడు సెలూనాయన.

వాళ్లమ్మ కార్డు తిప్పింది. వెనక పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. ఆ గొలుసుకట్టు రాత అన్నయ్యదేనని ఆవిడకి వేరే చెప్పాలా? ఈసారి మెల్లగా చదివింది. “మెడ దీనిది కాదు. అయినా బాగా కుదిరింది. ఇక మార్చవద్దు.”

చదివి, కార్డు కూతురి చేతిలో పెట్టింది.

“మీ మావయ్య సరే అన్నాడే,” అంది. “మడత లేకుండా సరిగ్గా పెట్టి బిగించుకో.”