వేలు దూరేంత సందు

పెరట్లో పంపు పక్కన పీట మీద మామగారు, ఆయన ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన నల్లకోడి, ఎదురుగా కోడలు.

“దీన్ని కట్టంటారా అమ్మాయ్? మూటకి ముడేసినట్టు బిగించిపారేశావు. చూడు, దాని కాలివేళ్ళెలా నల్లబడ్డాయో!”

“నేను...”

“కుక్క పట్టిన గాయం. మొన్న శుభ్రంగా కడిగి, దూది పెట్టి, లక్షణంగా కట్టి నీ చేతికిచ్చాను. రెండ్రోజులు తిరిగేసరికి ఇదీ దాని అవతారం. నా కట్టు మీద చెయ్యేసింది నువ్వేగా?”

“నేనే అనుకోండి మామయ్యా. ముందు విప్పండి, పాపం.”

“అనుకోవడమేంటి, అనుకోవడం? వేశానని చెప్పడానిక్కూడా నోరు పెగలదు. ముప్ఫై నాలుగేళ్ళు ఆసుపత్రిలో కట్లు కట్టినవాణ్ణి నేను...”

“తెలుసు మామయ్యా.”

“తెలిస్తే ముట్టుకునేదానివే కాదు. పోనీ గంప కిందన్నా పెట్టావా? రక్తం కనబడిందంటే మిగతావి పొడిచి చంపేస్తాయి.”

“పెట్టాను. రెండ్రోజులూ గంప కిందే ఉంది.”

“అదొక్కటీ సరిగ్గా ఏడ్చావు. ఇదిగో, కట్టు విప్పేశాను. ఉప్పునీళ్ళేవీ?”

“ఇవిగో. ఆగండాగండి, ఇప్పుడే పొయ్యి మీంచి దించాను, చెయ్యి... అయ్యో!”

“ఎందుకా కేకలు? కోడి బెదిరిపోతుంది. గోరువెచ్చగా కూడా లేవు. నీళ్ళు కాచడం కూడా నేనే నేర్పాలా నీకు?”

“చెయ్యి ఎర్రబడిపోయింది మామయ్యా, తీసెయ్యండి!”

“నా చెయ్యి సంగతి నాకు తెలీదా?”

“కోడి కాలు కాలుతుంది. కాసిని చన్నీళ్ళు పోస్తాను.”

“పొయ్యి, చన్నీళ్ళే పొయ్యి. నా మాట ఎప్పుడు విన్నావు గనక. మీ పుట్టింట్లో వేలు తెగితే ఏం చేసేవాళ్ళో పాపం.”

“పాత గుడ్డ చుట్టేవాళ్ళం.”

“అదే, చూస్తుంటేనే తెలుస్తోంది. మీ అత్తయ్య కాలు చూడు. షుగరు పుండు. వేలు తీసెయ్యాలన్నాడు డాక్టరు. అవునా, కాదా?”

“అవును.”

“మూడు నెలల్నుంచి పొద్దున్నే కట్టు కట్టిగానీ నడకకి వెళ్ళను. మానుతోందా, లేదా?”

“మానుతోంది.”

“ఎవరి వల్ల?”

“...రోజూ కడుతున్నారుగా.”

“మొన్న ఆ డాక్టరే అడిగాడు, ఇంత చక్కగా ఎవరు కట్టారని. పక్కనే ఉన్నావుగా, మీ మామయ్యేనని ఒక్క ముక్క అనొచ్చుగా? గోడకేసి చూస్తూ నిలబడ్డావు. ఇంటి మనిషి గొప్ప చెప్పడానికి అంత కష్టం నీకు.”

“దూది ఇదిగో మామయ్యా.”

“ఇటివ్వు. ఇప్పుడు కడుతున్నాను, కళ్ళు తెరుచుకుని చూడు. మీ అత్తయ్య ఒక్కనాడైనా అబ్బా అందా? అనదు. చుట్టాక కట్టు కింద వేలు దూరేంత సందుండాలి. విద్యంతా అంతే. ఇదిగో, దూరిందా?”

“మీరొకసారి చూసుకోండి.”

“చూసేదేంటి? కళ్ళతో కట్టేది కాదమ్మాయ్ ఇది, వేళ్ళతో. దూరిందా లేదా?”

“...దూరింది.”

“మరి ఇదెందుకు ఇలా తన్నుకుంటోంది?”

“కొంచెం వదులు చెయ్యండి మామయ్యా.”

“ఇంకా వదులా! దూరిందని ఇప్పుడే కదా కూశావు?”

“దూరలేదు.”

“ఏంటీ?”

“దూరలేదు మామయ్యా. మీ వేలు కట్టు కింద లేదు, పైనుంది. ఒక్కసారి కిందికి చూడండి.”

“అవునే... పైనే ఉంది.”

“నాకివ్వండి, నేను విప్పుతాను.”

“ఉండు. మొన్నటిది?”

“ఎవరూ ముట్టుకోలేదు.”

“అంటే అంత బిగించింది నేనే?”

“పోనివ్వండి మామయ్యా.”

“ఇందాకట్నుంచి నోటికొచ్చినట్టు తిడుతుంటే నోట్లో నాలుక లేదుటే నీకు? దద్దమ్మా!”

“కోడి వేళ్ళు చల్లబడిపోతున్నాయి. ఇవ్వండి.”

“నాకు చల్లగా లేవే... సరే, పట్టు. నువ్వే కట్టు, చూస్తాను. ఊఁ. మెల్లిగా. ఏటవాలుగా తిప్పు... ఆఁ. ఆ కొస కిందికి మడిచావే, ఎవరు నేర్పారు?”

“మీరు కడుతుంటే చూశాను.”

“చూస్తే పట్టుబడేది కాదది. కట్టగా కట్టగా రావాలి. ఎవరికి కట్టావు?”

“ఇదిగో, వేళ్ళు మళ్ళీ ఎర్రబడుతున్నాయి మామయ్యా. తన్నుకోవడం కూడా మానేసింది.”

“మాట మార్చకు. డాక్టరు మెచ్చుకున్న కట్టు ఎవరిది?”

“కోడిని గంప కింద పెట్టొస్తాను.”

“అడుగుతున్నానా?”

“మీరు నడకకి వెళ్ళొచ్చేలోపు విప్పి మళ్ళీ కడుతున్నాను. రోజూ.”

“రోజూ.”

“మిమ్మల్ని కాదని కాదు మామయ్యా, అత్తయ్య కాలు...”

“ఆపు. అబద్ధమాడుతున్నావు. అంత బిగుసుకుపోతుంటే మీ అత్తయ్య ఊరుకునే మనిషా? మూడు నెలల్లో ఒక్కసారి కూడా అబ్బా అనలేదే!”

“మీరు గేటు దాటేదాకా అనదు మామయ్యా.”