పెట్టె వెనక పలక

లేదప్పా ఇక్బాల్, నువ్వు ఏదో దాస్తాండావు. టీ వద్దు, స్టూలు వద్దు. ముందు నా ముఖం చూసి చెప్పు. మా ఇంటాయన ఆ గిటారు స్పీకరు పెట్టెకు నీతో వెనక పలక ఎందుకు కొట్టించినాడు?

సౌండు కోసమంటావు. ఆయప్పా అదే అంటాడు. ఇద్దరూ కూడబలుక్కున్నట్ల ఒకటే మాట!

ఇరవై రెండేండ్లప్పా. మా పెండ్లయినప్పటి నుంచి ఆ పెట్టె వెనక తెరిచే ఉండె. పొద్దున ఆరింటికి లేస్తాడా, బట్టలంగడికి పోయేలోపల ఒక గంట వాయిస్తాడా, పెట్టెను నడవలో హాలు తట్టు తిప్పి పెడతాడా, దాని వీపు నా వంటింటి తట్టు ఉంటాది. అన్నేండ్లు బాగున్న సౌండు ఈ ఉగాది కాన్నుంచి ఉన్నట్టుండి చెడిపోయిందా? యాభై నాలుగేండ్ల మనిషికి ఇప్పుడు కొత్త స్పీకరు, కొత్త పలక! దానికి పదహారు స్క్రూలు. ఎంచినా నేను.

ఆ, చెప్పు చెప్పు. వింటాండా.

వెనక తెరిచుంటే సౌండు రెండు పక్కలా పోతాది, ఇల్లంతా పరుచుకుంటాది. మూసేస్తే ముందరికే బిగువుగా కొడతాది. ముందర గాలిబొక్క పెడితే అడుగు సౌండు, అదే ఆ బేసు, లేస్తాది, కాకుంటే ఆ బొక్క కొలత స్పీకరుకు కుదరాల. ఏ పెట్టెకు పనికొచ్చే స్పీకరు ఆ పెట్టెలోనే పెట్టాల. తెలుసులేప్పా! అన్నం తింటా తింటా ఆయప్ప నాకు ఇదే పాఠం చెప్పినాడు. అడక్కుండానే మొగుడు ఇంత వివరం చెప్తాండాడంటే ఏ ఆడదానికైనా అనుమానం రాదా?

పైగా అదే నెల నుంచి ఆదివారం ఆదివారం పులివెందుల ప్రయాణం! ఏందంటే మొయిన్ వాళ్ల పాటల గుంపుతో ప్రాక్టీసంట. ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రాక్టీసుకు పోతారా ఎవురన్నా? ఒక తూరి సెంటు వాసనతో గూడా తిరిగొచ్చినాడు!

నవ్వగాకు. నాకు నవ్వు రావడంల్యా.

ఆ పలక కొట్టినాంక వంటింట్లో ఏముంటాది? దుప్పటి ముసుగేసుకుని ఎవురో మూలిగినట్ల ఉంటాది, అంతే. నాకు వినపడగూడదనే మూసినాడనుకున్నా. నాకు వినపడగూడనిది ఏం వాయిస్తాండాడు? ఎవురికోసం వాయిస్తాండాడు? పెట్టె తట్టి చూస్తే మెత్తగా మోగింది. లోపలేదో కుక్కినట్ల.

తెలుసులే, నువ్వు పెట్టిన దూదే. తెల్లది. రెండు చుట్లు.

...ఏంది, అట్ల చూస్తాండావు?

ఆయప్ప చెప్పినాడులే. చెప్పింటాడు. నువ్వు మాట మార్చగాకు.

జమ్మలమడుగులో మొన్న వీళ్లు వాయించిన పెండ్లి రిసెప్షనుకు నేనూ పోయినా. ఎప్పుడూ పోనిదాన్ని, పట్టుచీర కట్టుకుని మూడో వరసలో కూర్చున్నా. పాటకు కాదప్పా. వాయిస్తా వాయిస్తా ఎవురి తట్టు చూస్తాడో చూద్దామని. ఎవురి తట్టూ చూడలే. తీగల తట్టే చూస్తాండె. ఆ పులివెందుల గుంపునూ చూసినా. నలుగురూ బట్టతలలోళ్లే! మొయిన్ వాళ్లమ్మ ఖాజాబీ, పాపం, టిఫిన్ క్యారియరు పట్టుకుని పక్కన కూర్చోనుంది. ఆదివారాలు ఆమె చేతి బిర్యానీ తినొస్తాండాడంట. సెంటు వాసన గూడా ఆమె తమ్ముడు పూసిన అత్తరేనంట.

మూడో పాట సగంలో పెట్టె గరగరమనింది. తగ్గించి వాయించినా గరగరమనింది. జనం నవ్వినారప్పా. ఆయప్ప గిటారు కిందపెట్టి, వంగి, పెట్టెకు చెవి ఆనించి చూసినాడు. జ్వరమొచ్చిన బిడ్డ గుండె విన్నట్ల. మల్ల లేచి మైకు పక్కనే అనేసినాడు, ‘ఇక్బాల్ పలక సరిగ్గా బిగించలే, నా పరువు తీసినాడు’ అని. అందరికీ వినపడింది.

నేను మూడో వరసలో గమ్మున కూర్చున్నా.

నీకు ఇచ్చిన పని వద్దన్నాడా మొయిన్? గాలిబొక్క పెట్టిన ఆ మూడు పెట్టెలూనా? ఈ పొద్దు ఆయప్ప మొయిన్‌తో ఫోనులో మాట్లాడుతాంటే విన్నా. ప్రొద్దుటూరులో స్పీకరు పెట్టెంటే ఇక్బాలే అనే పేరు నీది. అందుకే వచ్చినా. ముందు నిన్ను నాలుగు మాటలని, తప్పు నీదేనని నేనూ నమ్ముకుందామని వచ్చినా.

ఏందీ? ఏమన్నావు?

నాకోసమా?

వదినకు తలనొప్పిగా ఉందంట, సౌండు వంటింట్లోకి పోకుండా చెయ్యమన్నాడా? ఆయప్ప నోటితోనే అన్నాడా? నేనెప్పుడు...

అయ్యో.

ఉగాదికి మా చెల్లెలు మైత్రేయి వచ్చింటే, ‘ఈ గోల రోజూ ఎట్ల భరిస్తావే’ అనింది. ‘ఏం చేస్తాం, తలకాయి పగిలిపోతాంటాది’ అన్నా. ఊరికే అన్నానప్పా! దానికేమని చెప్పాల? మొదటి పాటకు పాలు పొంగుతాయి, రెండో పాటకు ఉప్మా దించుతానని చెప్పాల్నా? హాల్లో వాయించేది ఊరికి, వెనక్కొచ్చేది నాకు అని చెప్పాల్నా? సిగ్గు గాదా? ఆయప్ప స్నానాల గదిలో ఉండాడనుకున్నా. వినేసినాడు. ఒక్క మాట అడగలే, పలక కొట్టించినాడు.

కూర్చుంటాలే. ఆ స్టూలు ఇట్లియ్యి.

నేనే విప్పినానప్పా.

రిసెప్షనుకు ముందు శుక్రవారం ఆయప్ప అంగడికి పోయినాంక, మిక్సీకి వాడే స్క్రూడ్రైవరుతో పదహారూ తీసినా. చెయ్యి పెట్టి దేవులాడినా. దూది, రెండు వైర్లు. ఒక చీటీ లే, ఒక ఫోటో లే. సంతోషపడాల గదా? ముందే తీసేసినాడేమోనని ఇంకా అనుమానం వచ్చింది! మల్ల బిగిస్తే తొమ్మిదే పట్టినాయి, మిగతావి ఊరికే తిరుగుతాండె. అంచుకు నువ్వంటించిన స్పాంజి పట్టీ చినిగి చేతికొచ్చింది. చెత్తబుట్టలో పారేసినా.

తిట్టప్పా. తిట్టి, ఆ పెట్టెను ఎట్ల బాగు చెయ్యాలో చెప్పు.

పాత స్పీకరు ఉందా? ఉందా! తెరిచిన పెట్టెకు అదే కుదురుతాదా? కొత్తది వెనక గాలి బిగువు లేకుంటే కొట్టుకుంటాదంటావా... సరే, నువ్వు చెప్పినట్లే. పలక తీసేసి పాతదే పెట్టు.

మొయిన్‌కు ఇప్పుడే ఫోన్ చేస్తా, నీ ముందరే. వాళ్లమ్మకు గూడా చెప్తా. సాయంత్రం ఆయప్పకూ చెప్తా, నేనే విప్పినానని. ఎందుకు విప్పినావంటాడు. అనుమానమంటే అరుస్తాడు, నాలుగు రోజులు మాట్లాడడు. అది తట్టుకుంటా.

‘నీ పాట నాక్కావాల’ అంటే మాత్రం ఆయప్ప నవ్వుతాడేమోనప్పా. దానికే భయంగా ఉంది.