ఇద్దరు ఎబెనెజర్లు

హలో… ఆ, నేనే, వెర్నాని. హాలిస్ అన్నయ్యా, కూర్చున్నావా?… కూర్చో. కూర్చుంటే గానీ చెప్పను.

… ఏడవట్లేదయ్యా, నవ్వుతున్నా! చర్చిలో ఉన్నా. పాత బాప్తిస్మాల పుస్తకం నా ముందే ఉంది. ఈ దుమ్ముకి— హాచ్!

… ముందిది చెప్పు. మన పూర్వీకుల పేర్ల రాయి చెక్కడం మొదలెట్టారా?… రేపు పొద్దున్నా? హమ్మయ్య! ఆపించు.

… ఎందుకేంటి? మా శాఖ లేదుగా దాని మీద! మన వంశంలో అందరికంటే ముందు ఈ దేశంలో ఓడ దిగిన జోసెఫ్ థర్లో తాత కొడుకు ఎబెనెజర్, మేం వాడి సంతతి అంటే నువ్వేమన్నావ్? "వాడు మూడేళ్లకే పోయాడు, పోయిన పసివాడికి మనవలేంటే" అన్నావ్. ముప్పై ఏళ్లుగా ప్రతి కుటుంబ విందులో అదే జోకు. నన్ను చివరి బల్ల దగ్గర, బీన్స్ కుండ పక్కన కూర్చోబెట్టి మరీ!

… సమాధి ఉంది, కాదన్నానా? పదహారువందల నలభై మూడులో పోయాడు. ఇప్పుడు విను. నలభై నాలుగు, మే నెల. "జోసెఫ్, మెర్సీల కుమారుడు ఎబెనెజర్, బాప్తిస్మం." విన్నావా?

… రాత తప్పు కాదు మహానుభావా! పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టుకునేవాళ్లు ఆ రోజుల్లో. వంశచరిత్ర రాసిన పెద్దమనిషివి, నీకు తట్టలేదా?… పెళ్లి కూడా ఉంది! మా టాబితా అవ్వతోనే, ఇదే పుస్తకం వెనక పేజీల్లో!

… ఏంటీ? మళ్లీ అను… "నాదే పొరపాటు"… ఇంకాస్త గట్టిగా, ఇక్కడ పాస్టరమ్మకి వినపడాలి!

… అవును, గంతులేస్తున్నా. ఈ మోకాళ్లతోనే!

… ఆదివారం నీ పక్కనే నా కుర్చీ. బీన్స్ కుండ నువ్వు మొయ్యి.

… ఆ, మా ఎబెనెజర్ పేరు చేర్చు. అన్నయ్యా… మొదటివాణ్ణి కూడా.

… ఎందుకంటే… ముప్పై ఏళ్లు వాడి చావు మీద నవ్వుకున్నారు మీరు. నేనైతే వాడి సమాధి కనిపిస్తే మొహం తిప్పుకునేదాన్ని, నా పరువు తీశాడని. మూడేళ్ల పసివాడు, వాడేం చేశాడు పాపం!

… పక్కపక్కనే. ఎబెనెజర్, ఎబెనెజర్.

… చెక్కేవాడు పొరపాటనుకుంటాడా?… అనుకోనీ. వాళ్లమ్మ రెండుసార్లు పిలిచిందని చెప్పు.

… ఉంటా.