పొట్టి కుట్ల పద్ధతి ఎవరిది?

1994 జూన్ పదమూడవ తేదీ, సోమవారం నాడు, మేమంతా ‘అక్కగారు’ అని పిలుచుకునే విదుషీమణి మా ఎంబ్రాయిడరీ సంస్థలో మిగులు దారాలు కత్తిరించే పనిలో చేరారు. అనంతరం ఎనిమిదేళ్ళు మెషిన్లు నడిపి, దారం తెగబోయే ముందరి చప్పుడును సైతం పసిగట్టగల అనుభవంతో, 2003లో డిజిటైజింగ్ విభాగానికి, అనగా బొమ్మను కంప్యూటర్‌లో కుట్లుగా మలిచే విభాగానికి మారారు. ఈ నెల పదవీ విరమణ చేస్తున్న వారిని పొగడడానికి విశేషణాలు వెతకనక్కరలేదు. జరిగింది చెబితే చాలు. చెప్పకపోవడమే సిగ్గుచేటు.

ఆస్పత్రి కోట్ల వీపు మీద కుట్టవలసిన చిహ్నాన్ని, ఒకసారి, జేబు మీదికి సరిపడేలా ఆఫీసువారే కుదించి పంపారు. దారాలు తెగాయి, సూదులు విరిగాయి, గుడ్డకు చిల్లులు పడ్డాయి. నిందంతా మెషిన్ నడిపే మౌనిగారి మీద పడింది. పల్లెత్తు మాట అనని ఆ మనిషిని రేపటినుంచి రావద్దన్నారు. అది విన్న అక్కగారు పాడైన గుడ్డతో నేరుగా మేనేజరుగారి గదిలోకి వెళ్ళారు.

“ఆయన చేతిలో తప్పేం లేదు సార్. బొమ్మ చిన్నదైంది గానీ కుట్లు తగ్గలేదు. అర మిల్లీమీటరు కూడా లేని కుట్లు పడుతున్నాయి. సూది దిగిన చోటే దిగుతుంటే దారం తెగక ఏం చేస్తుంది?”

“అయితే బటన్ నొక్కి పొట్టి కుట్లన్నీ లేపెయ్యండి!”

“మొదట్లో, చివర్లో దారాన్ని పట్టి ఉంచేవీ పొట్టి కుట్లే సార్. అవీ పోతే రెండు ఉతుకులకే బొమ్మ ఊడొస్తుంది. ఏది ఉంచాలో, ఏది తీయాలో చూసుకుని తీయాలి. మనుషుల్నైనా అంతే!”

ఆ మాటతోపాటు బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టారు కూడా. “చెయ్యి మండిందే, పైకి చెప్పలేక చచ్చా,” అని ఇంటికెళ్ళి కూతురితో అన్నారట.

రెండు రోజులు కూర్చుని, అక్కరలేని కుట్లను ఒక్కొక్కటిగా తొలగించి, వంపుల లోపలివైపు ఒకటి విడిచి ఒకటి కురచచేసి, దారాన్ని పట్టి ఉంచే ముడికుట్లను పదిలంగా ఉంచి, వారు ఆ చిహ్నాన్ని తీర్చిదిద్దారు. మౌనిగారిని పిలిపించి అదే మెషిన్ మీద నడిపిస్తే ఒక్క పోగు తెగలేదు. ఆయన ఉద్యోగం నిలిచింది. క్షమాపణ మాత్రం ఎవరి నోటా రాలేదు.

పైపెచ్చు, నెల తిరక్కుండా అదే పద్ధతి మేనేజరుగారి సంతకంతో సూచనపత్రమై గోడకెక్కింది! విభాగాధిపతి పదవి మూడుసార్లు ఖాళీ అయితే మూడుసార్లూ అక్కగారి వద్ద పని నేర్చుకున్నవారికే దక్కింది. ఈ వాక్యాలు తీసేయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు సూచించారు, తీసేది లేదు.

మొన్న మౌనిగారు ఆ పత్రం మీది సంతకాన్ని కొట్టేసి అక్కగారి పేరు రాశారు. ఆఫీసువారు చింపి కొత్తది అంటించారు. ఆయన మళ్ళీ రాశారు. ఈసారి కింద మేం నలభై ఇద్దరం సాక్షి సంతకాలు చేశాం. అది ఇంకా గోడ మీదే ఉంది.

అక్కగారు చూపు తగ్గక, చేతులు వణకక, ఆయురారోగ్యాలతో కుటుంబం నడుమ నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, అన్యాయం కనిపిస్తే బల్ల గుద్దే ఆ కోపం మాత్రం మాకు ఇచ్చి వెళ్ళాలనీ మనసారా కోరుకుంటున్నాం.