మహిళల ఫుట్‌బాల్‌ను శంకించిన సూపరింటెండెంటు గారికి

పంతొమ్మిదివందల ఎనభై ఎనిమిది, జూన్ పదిహేనవ తేదీ ఉదయాన, సెలవుల విభాగపు గుమ్మంలో ఒక యువ గుమాస్తా నియామకపత్రం చేతబట్టి, తన చేతిగడియారాన్ని గోడగడియారంతో సరిపోల్చుకుంటూ నిలబడ్డారు. రెంటికీ మూడు నిమిషాల తేడా. ఏది తప్పో తేలేవరకు హాజరుపట్టీలో సంతకం చేసేది లేదని భీష్మించిన ఆ మహనీయులే, నేడు పదవీ విరమణ చేస్తున్న మన సూపరింటెండెంటు గారు.

పదేళ్ళకు హెడ్ గుమాస్తాగా, మరి పన్నెండేళ్ళకు సూపరింటెండెంటుగా వారు అధిరోహించిన ప్రతి మెట్టునూ ముందు కాలితో తట్టి చూసిన పిమ్మటే అధిరోహించారు. జ్వరమని సెలవడిగిన వారి నుదుటినీ, మేనత్త పోయిందన్న వారి మేనత్తల సంఖ్యనూ సమదృష్టితో పరిశీలించారు. ఒక ఉద్యోగికి ముగ్గురు మేనత్తలకు మించి మరణించరాదన్న నియమం ఏ గ్రంథంలోనూ లేకపోయినా, మన కార్యాలయంలో అమలులో ఉండేది.

అట్టి వారి బల్లపైకి పదకొండేళ్ళ క్రితం ఒక విన్నపం వచ్చింది: మహిళా ఉద్యోగులు ప్రతి గురువారం నాలుగు గంటలకే వెళ్ళేందుకు అనుమతి, కారణం, ఫుట్‌బాల్ అభ్యాసం. వారు అంతవరకు ఆలకించిన సాకులన్నిటిలోకీ ఇది సాహసోపేతమైనది. సంతకమైతే చేశారు గానీ, నాలుగున్నరకల్లా నోటుపుస్తకంతో మైదానపు గట్టున ప్రత్యక్షమయ్యారు.

"ఆట చూడ్డానికొచ్చారా సార్?" అన్నారు గోలు కాస్తున్న మన టెలిఫోన్ ఆపరేటరు గారు.

"ఆడుతున్నారో లేదో చూడ్డానికొచ్చానమ్మా."

"ఆడుతున్నాం కదండీ."

"ఇవాళ ఆడుతున్నారు. వచ్చే గురువారం మాటేంటి?"

కనుక వచ్చే గురువారమూ వెళ్ళారు. ఆపై గురువారమూ వెళ్ళారు. పంట్లాం అంచుల బురద చూసి శ్రీమతి గారు నిలదీస్తే, ఉన్నమాటే చెప్పారు.

"ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతుంటే మీరు చూస్తున్నారా? ఇంత వయసొచ్చింది, అతికేట్టు ఓ అబద్ధం చెప్పడం రాదేమండీ మీకు?"

నిజం చెప్పి దోషిగా నిలబడటం ఎలా ఉంటుందో వారికి అప్పుడు బోధపడింది. బోధపడినంత మాత్రాన సెలవుల విభాగంలో ఎవరికీ ఊరట కలగలేదు.

రెండేళ్ళకు జట్టు అంతర్విభాగ పోటీల ఫైనల్ చేరి, విరామానికి ఒక గోలు ఆధిక్యంలో నిలిచింది. అప్పుడు ప్రత్యర్థుల ఫిర్యాదు: కుర్చీలో కూర్చుని ఫోన్లు కలిపే ఆడమనిషి అలా దూకజాలదు, ఈమె బయటినుంచి తెచ్చిన క్రీడాకారిణి. గుర్తింపు కార్డు ఫోటోలో పొడుగు జడ, మనిషికేమో క్రాపు. రుజువు కాకుంటే జట్టుకు మూడేళ్ళ నిషేధం. పోటీల నిర్వాహకులు గట్టుమీదున్న సూపరింటెండెంటు గారిని పిలిపించారు.

"ఈవిడ మీ ఉద్యోగేనని నమ్ముతున్నారా?"

"నేనెవర్నీ నమ్మనండీ. చూశాను," అని వారు నోటుపుస్తకం ముందుంచారు. తొంభై ఒక్క గురువారాలు. ప్రతిదానికీ రాక, పోక, ఆపరేటరు గారి సంతకం, పక్కనే పరిశీలన. ఫిర్యాదు కొట్టివేశారు.

అయితే ఆ సాక్ష్యాన్ని ప్రత్యర్థి నాయకురాలు కూడా ఆసాంతం చదివారు, "కుడివైపు దూకుట ఇంకనూ అనుమానాస్పదం" అన్న వాక్యంతో సహా. ద్వితీయార్ధంలో గోలుమీదికి రెండు బంతులు వచ్చాయి. రెండూ కుడివైపే వచ్చాయి, రెండూ లోపలికే పోయాయి.

"అది కూడా రాయాలా సార్?" అన్నారు ఆపరేటరు గారు, ఆట ముగిశాక.

"నిజమా, కాదా?"

"నిజమే."

"అయితే గురువారం నేనే కుడివైపు కొట్టి చూస్తాను."

నాటినుండి, ఆఫీసు బూట్లతోనే, వారు ఆ మూలకు బంతులు కొడుతూ వచ్చారు. ఆమె ఆపినప్పుడల్లా తన కాలి సత్తువను శంకించారే తప్ప, ఆమె నేర్పును అంగీకరించిన దాఖలా లేదు.

మొన్నటి గురువారం, ఉద్యోగంలో చివరిది గనుక, శ్రీమతి గారు వెంట వచ్చారు. ఆపరేటరు గారు వరుసగా తొమ్మిది బంతులు ఆపారు.

"ఆవిడ ఆపుతోందా, మీరే మెల్లగా కొడుతున్నారా?" అన్నారు శ్రీమతి గారు.

సూపరింటెండెంటు గారు నొచ్చుకున్నారు. "బలంగానే కొట్టాను. ఆ అమ్మాయే ఆపింది," అన్నారు, మైదానమంతా వినేట్టు.

వారికి దృఢమైన మోకాళ్ళు, నిర్మలమైన చూపు, నిండు నూరేళ్ళ ఆయుష్షు, శ్రీమతి గారి సాహచర్యం లభించాలనీ, ఆరోగ్యం భేషుగ్గా ఉందని వైద్యులు చెప్పినప్పుడు తొంభై ఒక్క గురువారాలు వేచి చూడకుండానే నమ్మగల మనసు కూడా సిద్ధించాలనీ సహోద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాము.